మైలలో పరుగు

“నీ కూతురు పొద్దున్నే ఎక్కడికెల్లిందో నీకు తెల్సా, వైకుంఠం?”

బంగారయ్య అరుగెక్కలేదు. వాకిట్లోనే నిలబడి, చేతికర్ర నేలకానించి అడిగాడు. దాయాదులందరిలోకీ పెద్దవాడు. మంచికైనా చెడుకైనా ఆయన మాటే చెల్లుతుంది. అలాంటివాడు కూర్చోకుండా మాట్లాడుతున్నాడంటే వచ్చిన పని మంచిది కాదని ఇంట్లో అందరికీ అర్థమైపోయింది.

వైకుంఠరావు చాపమీద నుంచి లేచాడు. అన్నకి కొరివి పెట్టిన మనిషి. గడ్డం మాసిపోయి ఉంది, ఒంటిమీద చొక్కా లేదు.

“ఎక్కడికెల్తాది సిన్నాన్నా? ఇంట్లోనే ఉంది.”

“ఉంటాది, ఉంటాది. ఇప్పుడుంటాది. తెల్లారగట్ట సముద్రం ఒడ్డున పరుగులెట్టింది. పేటలో జనమంతా సూసినారు.”

వెనక వసారాలో నిలబడ్డ హిమజ గబుక్కున కాళ్లవైపు చూసుకుంది. మడమల దగ్గర ఇసక ఇంకా అలాగే ఉంది. కడుక్కుందామనుకుంటూనే మరిచిపోయింది.

“మైల్లో ఉన్న గుంట పొలిమేర దాటింది” అన్నాడు బంగారయ్య, వీధి వీధంతా వినేలా. “దాటి ఊరుకుందా? బోట్లకాడికెల్లింది. పోతురాజు కొత్త వల దించుకునే రోజు గదా. గంగమ్మకి పసుపు కుంకం ఎట్టి, బోటు మీద సెయ్యేసినాడు. సరిగ్గా ఆ యేళకి ఈయమ్మగారు ఎదురుగా పరిగెత్తుకుంటొచ్చింది. ఇంకేటుంది? వల దించనేదు. బోటు ఎనక్కి లాగీసి ఇంటికెల్లిపోనాడు.”

“ఓలమ్మో!” అంది లోపల్నుంచి బొడ్డమ్మ. “నా కొడుకు దీపం ఇంకా ఎలుగుతుండగానే ఎంత పన్చేసిందిరా ఇది!”

వైకుంఠరావు వెనక్కి తిరిగి, “హిమా!” అని ఒక్క కేక పెట్టాడు.

హిమజ వచ్చి నిలబడింది. అబద్ధం ఆడే పిల్ల కాదు. ఆడదామన్నా కాళ్లకి ఇసక ఉందాయె.

“ఎల్లావా?”

“ఎల్లాను నాన్నా. జీడితోట దాకానే అనుకున్నాను. ఒడ్డుకెల్లాలని ఎల్లనేదు.”

అది నిజమే. పొలిమేరకి ఇవతల ఉన్న జీడితోటలో నాలుగు చుట్లు తిరిగి వచ్చేద్దామనే బయలుదేరింది. కానీ రెండేళ్లుగా ఆ కాళ్లకి తెలిసిన దారి ఒకటే. తోట దాటి, ఇసక దిబ్బ ఎక్కి దిగి, ఒడ్డు వెంట చివరి బోటు దాకా. అది పెదనాన్న వేసిన దారి. మనసులో ఆయన్ని తలుచుకుంటూ పరిగెత్తింది. ఎక్కడున్నదీ తెలిసేసరికి పోతురాజు బోటు ముందుంది.

“ఎందుకెల్లావని అడుగు” అన్నాడు బంగారయ్య.

“ఎందుకో నాకు తెల్సు” అన్నాడు వైకుంఠరావు.

ఇంట్లో అందరికీ తెలుసు. సికింద్రాబాదులో ఎల్లుండి మిలట్రీలోకి తీసుకునే అగ్నివీర్ ర్యాలీ. ఆడపిల్లలకి పరుగు, దూకడం అన్నీ ఆ ఒక్కరోజే. పలాసలో ఈ సాయంత్రం బండెక్కితే గాని అందుకోలేదు. పెద్దదినం అయ్యేదాకా ఆగితే ర్యాలీ అయిపోతుంది. వచ్చే ఏడాదికి హిమజకి వయసు దాటిపోతుంది. పెదనాన్న సుబేదారు కృష్ణారావు బతికుంటే ఈపాటికి సంచీ సర్ది గుమ్మం దగ్గర పెట్టి, ‘చలో జవాన్’ అని ఈల వేసేవాడు. ఆయన పోయి ఇంకా వారమే అయింది.

ఆయన సంగతి చెప్పుకోవాలంటే చాలా ఉంది. ఊళ్లో వాళ్లకి ఆయన క్యాంటీన్ సామాన్లు తెచ్చిపెట్టే మిలట్రీ బాబు. తిత్లీ తుఫానుకి కొబ్బరిచెట్లన్నీ నేలకూలి ఊరంతా తల పట్టుకుని కూర్చుంటే, సెలవులో ఉండి కూడా నిక్కరేసుకుని రంపం పట్టుకుని రోడ్డుమీదికొచ్చిన మొదటి మనిషి. “ఏడవడానికి సాయంత్రం టైమిస్తాను, ముందు రోడ్డు కొట్టండి” అని కుర్రాళ్లని ఉరికించాడు. మూత్రపిండాలు పాడై పలాసలో డయాలసిస్‌కి తిరిగే రోజుల్లోనూ గడ్డం గీసుకోకుండా గడప దాటలేదు.

ఇంట్లో మాత్రం ఆయన బాధ పడలేక చచ్చేవాళ్లు. అరుగు కింద చెప్పులు వరసలో లేకపోతే ఊరుకోడు. దుప్పటి అంచులు కలవకపోతే మళ్లీ మడత పెట్టిస్తాడు. ఆయన పోయాక చెప్పులు మళ్లీ ఎలా పడితే అలా పడున్నాయి. హిమజకి అవి కనబడ్డప్పుడల్లా ఏడుపొస్తోంది. వంగి సర్దబోయి, ఎందుకో ప్రాణం ఒప్పక వదిలేస్తోంది.

“మాటాడవేం?” అన్నాడు వైకుంఠరావు. “ఈ సాయంత్రం ఎల్దామనే ఉందా ఇంకా?”

“ఉంది నాన్నా.”

“మైల తీరకుండా?”

“శ్రీనివాసు చిన్నాన్న టెక్కలి ఎల్లట్లేదేటి? మూడోరోజు నుంచే బండేసుకుని ఆఫీసుకెల్తన్నాడు. మైల మన పదిళ్లకీ ఒకటే కదా. అతనికి పొలిమేర నేదా?”

శ్రీనివాస్ బంగారయ్య కొడుకు. ముసలాయన కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది.

“నా కొడుకు మాట ఇప్పుడెందుకే? ఆడిది ఉద్యోగం.”

“నాదీ ఉద్యోగమే తాతా.”

“ఇంకా రానిదాన్ని ఉద్యోగం అనరు.”

“ఎల్తే కదా వచ్చేది!”

“ఒసే, పెద్దోళ్లతో ఏటా మాటలు?” అంటూ వంటింట్లోంచి హేమలత వచ్చి కూతురి జబ్బ పట్టుకుంది. గుంజినట్టే గుంజి, చెవిలో మాత్రం “కాళ్లు కడుక్కోవే ముందు” అంది.

ఈలోగా బొడ్డమ్మ గోడ పట్టుకుని నడిచొచ్చి గడప మీద కూర్చుంది. కన్నకొడుకు చావు చూసిన ముసలిది. ఆమె నోరు విప్పితే బంగారయ్య కూడా ఆగి వినాలి.

“నా మొగుడు పోనప్పుడు ఆడు రానేదు” అంది. “తెల్సా మీకు? పెద్దకొడుకై ఉండి తండ్రికి నిప్పెట్టనేదు. ఎక్కడో మంచుకొండల్లో ఉన్నాడంట, దారి మూసుకుపోనాదంట. ఈ వైకుంఠం గాడు సిన్నోడు, ఏడుస్తా నిప్పెట్టినాడు. నెల పోనాక వొచ్చి ఆడు నా కాళ్ల మీద పడ్డాడు. ఏటి సేసుకోను కాళ్ల మీద పడితే?”

బొడ్డమ్మ అరచేత్తో గడప మీద చరిచింది.

“ఆ మిలట్రీ నా కొడుకుని తండ్రి కర్మకి రానివ్వనేదు. ఇప్పుడు ఆడి కర్మకి దీన్ని కూడా ఉండనివ్వదా? ఇంకా ఎందర్ని అడుగుతాది మా ఇంట్లో?”

బంగారయ్యకి ఎదురు చెప్పినట్టు నాన్నమ్మకి చెప్పే మనసు రాలేదు హిమజకి. తల దించుకుని పెరటివైపు వెళ్లి, నూతి దగ్గర కూర్చుని కాళ్లకి నీళ్లు పోసుకుంది. ఇసక పోయాక కూడా పోసుకుంటూనే ఉంది. వెళ్లకపోతే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకుంది. ఏమీ కాదు. జీడిపప్పు బట్టీకి పనికి వెళ్తుంది, జీడిపిక్కలు కొడుతుంది, ఊళ్లో సగం మంది ఆడవాళ్లు చేసేది అదే. అందులో తప్పేం లేదు. కానీ పెదనాన్న రెండేళ్లు ఒడ్డున నిలబడింది అందుక్కాదు.

వాకిట్లో మళ్లీ మాటలు వినపడ్డాయి. కొత్త గొంతు. పోతురాజు.

వల దించకుండా వెనక్కెళ్లిన మనిషి ఇంటిమీదికి వచ్చాడంటే తగువుకే అనుకుంది హిమజ. తడికాళ్లతోనే వచ్చి తలుపు పక్కన నిలబడింది.

పోతురాజు వాకిట్లో ఆ పక్కగా నిలబడి ఉన్నాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“తప్పే పోతురాజు, మావోళ్లదే తప్పు” అంటున్నాడు బంగారయ్య. “గంగమ్మకి కోడినిప్పిస్తాం. పెద్దదినం అవనీ. నువ్వు మనసులో ఎట్టుకోకు.”

“కోడెందుకు బాబూ?”

“అదేటి? మైలపిల్ల ఎదురొచ్చిందని కదా నువ్వు వల దించనిది?”

“అని ఎవురన్నారు?”

“పేటంతా అంటంది.”

“అంటంటే అననీండి. దానికే వొచ్చినాను.” పోతురాజు వైకుంఠరావు వైపు తిరిగాడు. “బాబూ, సుబేదారు బాబు రోజూ నా బోటంచు మీదే కూకునేవోరు. మీకూ తెల్సు. ఒంట్లో ఓపిక నేనప్పుడు కూడా ఆటో కట్టించుకునొచ్చి కూకుని ఈలేసేవోరు. పాప పరిగెడతంటే, నేను వల సర్దుకుంటంటే, ఆయన ఇద్దర్నీ తిట్టేవోరు. ‘ఆ ముడి ఏటిరా అలాగేసినావు’ అని నన్ను. సముద్రం ఆయనదా నాదా?”

వైకుంఠరావుకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వే మరుక్షణం ఏడుపైంది.

“ఈ పొద్దు బోటు మీద సెయ్యేసి తలెత్తి సూసినాను. పాప ఒక్కతే వొస్తంది. ఈల నేదు. అంచు మీద కూకున్న మనిషి నేడు. నాకు సెయ్యి ఆడనేదు బాబూ. కూలోళ్లకి ఎల్లిపొమ్మని సెప్పి, బోటు లాగీసి, ఇంటికెల్లి పడుకున్నాను. అంతేగానీ మైలా గియిలా నాకు తెల్దు. వల రేపు దించుకుంటాను. పాపనేటీ అనకండి.”

చెప్పదలుచుకున్నది చెప్పేశాక ఆ మనిషికి అక్కడ పనిలేదు. తువ్వాలు మళ్లీ తలకి చుట్టుకున్నాడు. తలుపు పక్కన నిలబడ్డ హిమజని చూసి, “దిబ్బ దిగినప్పుడు సేతులు ఊపీస్తన్నావమ్మా. ఆయనుంటే తిట్టును” అని వెళ్లిపోయాడు.

“వస్తాను మావా” అంది హిమజ. ఎక్కడికి వస్తానందో ఆమెకే తెలీదు.

చాలాసేపటికి బంగారయ్య అరుగెక్కి కూర్చున్నాడు. ఆ ఒక్క పనితో వాకిట్లో సగం బిగువు సడలింది.

“ఒదినా” అన్నాడు బొడ్డమ్మతో. “తలారా నీళ్లోసుకుని, దీపానికి దణ్ణం ఎట్టుకుని ఎల్లినోళ్లు ఉన్నారు. నేదని కాదు. మా శ్రీనివాసుగాడి గురించి గుంట అన్నమాట నిజమే కదా. పరీక్షకి ఎల్లి పెద్దదినం నాటికి తిరిగొచ్చీగలిగితే, నేను అడ్డు సెప్పను. నలుగురూ అడిగితే నేనే సెప్పుకుంటాను.”

బొడ్డమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “దినం నాటికి వొచ్చీగలదా?”

“వచ్చేస్తాను నాన్నమ్మా” అంది హిమజ గబగబా. “ఒట్టు. పెదనాన్న దినానికి ఉంటాను.”

“ఆడూ ఇలాగే సెప్పీవోడు” అంది ముసలామె. కానీ ఆ మాటలో ఇందాకటి పదును లేదు.

“అయితే ఒక మాట” అన్నాడు వైకుంఠరావు. “ఈ ఇంట్లో ఇప్పుడు సెప్పాల్సింది నేనూ కాదు, అమ్మా కాదు. వదిన సెప్పాలి. పోయింది ఆవిడ మనిషి.”

అందరూ నడిమింటి వైపు చూశారు. దీపం పక్కన, గోడకానుకుని కమల కూర్చుని ఉంది. ఇందాకటి నుంచీ అన్నీ వింటూనే ఉంది. సుబేదారు పోయిన రోజు నుంచి ఆమె నోరు విప్పి పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు. చూడొచ్చిన వాళ్లు ఏడవమని బతిమాలినా ఏడవలేదు. మిలట్రీ పెళ్లాం కదా, గట్టి మనిషి అని చెప్పుకుంటూ వెళ్లారు.

వదిన ఏమంటుందో వైకుంఠరావుకి అనుమానమే లేదు. అడగాలి కాబట్టి అడిగాడు.

“వదినా, విన్నావు కదా. పిల్లని పంపుదామా?”

“ఒద్దు” అంది కమల.

వైకుంఠరావు సరిగా వినలేదేమో అనుకున్నాడు. “ఏటన్నావు?”

“ఒద్దన్నాను. ఎల్లొద్దు.”

వద్దని ఇందాక అంత అరిచిన బొడ్డమ్మే, “అదేటే కమలా, ఆడికి ఇష్టం కదే” అంది.

హిమజ వెళ్లి పెద్దమ్మ ఎదురుగా కూర్చుంది. కాళ్ల తడికి గచ్చు మీద మరకలు పడ్డాయి.

“పెద్దమ్మా, పెదనాన్నకి—”

“మీ పెదనాన్నకి ఏటిష్టమో నాకు సెప్పకే.” కమల గొంతు పెంచలేదు. “వారం నుంచి ఈ ఇంటికొచ్చిన ప్రతోళ్లూ అదే సెప్తన్నారు. ఆయనకి రమ్ము ఇష్టమంట, దినం నాడు ఎట్టాలంట. పనసపొట్టు కూర ఇష్టమంట. నీ పరుగు ఇష్టమంట. నాకు తెలీదు. నాకు తెలిసేంతసేపు ఆయన ఇంట్లో ఎప్పుడున్నాడు?”

హిమజ చేతులు ఒళ్లో పెట్టుకుని వింది.

“ఇరవై ఎనిమిదేళ్లు సర్వీసు. ఏడాదికి రెండు నెల్లు సెలవు. వొచ్చిన కొత్తలో ఊరంతా ఈ అరుగుమీదే ఉండీవోరు. ఎల్లే ముందు రోజుల్లో ఎల్లిపోతాడన్న దిగులు. మద్దెలో ఏటి మిగిలితే అదే నా కాపరం. రిటైరై వొచ్చినప్పుడు ఇంక నా మొగుడు నాకున్నాడు అనుకున్నాను. తెల్లారి లేచి సూస్తే పక్కన దుప్పటి మడతెట్టి ఉండీది. మనిషి నీతో ఒడ్డున ఉండీవోడు.”

ఆ తెల్లవారుజాములు ఎవరివని హిమజ ఎప్పుడూ ఆలోచించలేదు. పెదనాన్న తనకోసం లేచాడనుకుంది, అంతే. ఆయన లేచి వచ్చిన చోట ఇంకో మనిషి ఉందని ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసి తలెత్తలేకపోయింది.

“నీ మీద కోపం కాదే” అంది కమల. “నా కడుపున కాయ కాయనేదు. నువ్వే నా పిల్లవి. అందుకే అంటన్నాను. పలాస టేసన్లో బండి ఎల్లిపోనాక, ఒక్కదాన్నీ ఆటోలో ఇంటికి రావడం నాకు సేతకాదింక. ఆయన కోసం వొచ్చినాను. నీకోసం మళ్లీ మొదలెట్టలేను.”

గడప మీద బొడ్డమ్మ కోడలి వైపు చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఒకే కప్పు కింద ఉండి ఈ మాట ఆమె కూడా మొదటిసారి వింటోంది.

“అయితే ఎల్లను పెద్దమ్మా” అంది హిమజ.

మనసులో ఒకటి పెట్టుకుని అన్నది కాదు. పెద్దమ్మ మాట్లాడుతుండగానే ఆమె లోపల పరుగు ఆగిపోయింది. ఇక సాయంత్రం గురించి ఆలోచించక్కర్లేదు అనుకుంటే కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది.

కమల ముఖం ఎత్తింది.

“ఎల్లనని మాటిమ్మని నేనడిగానేటి?”

“నువ్వే కదా పెద్దమ్మా ఒద్దన్నావు?”

“ఒద్దన్నాను. నా నోటితో నేనన్నాను. ఎల్లడం మానడం నీ ఇష్టం. అది నేనడగనేదు.”

“మరి ఎందుకన్నావు?”

కమల దీపం వత్తి ముందుకు తోసి, నూనె అంటిన వేలు తలకి రాసుకోబోయి, మైల గుర్తొచ్చి కొంగుకి తుడుచుకుంది.

“ఆయన ఎల్లిన పెతిసారీ సంచీ సర్దినాను. పెరుగన్నం కలిపి ఇచ్చినాను. నవ్వు మొకం ఎట్టుకుని ఎల్లిరండి అన్నాను. ఒద్దని ఒక్కపాలి కూడా అన్నేదు. మిలట్రీ పెళ్లాం అలా అనకూడదంట, మా అమ్మ సెప్పింది, మీ నాన్నమ్మ సెప్పింది. అంటే మాత్రం ఆగుతాడా? ఆగడు. తెల్సు నాకు. అయినా అనాల్సింది. ఇంట్లో ఒక మనిషికి తను ఎల్లడం ఇష్టం నేదని తెలిసి ఎల్లాల్సింది ఆయన. నాకు బానే ఉందనుకున్నాడు. ఆఖరి దాకా అలాగే అనుకునే పోనాడు.”

ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. సుబేదారు పోయాక మొదటిసారి. తుడుచుకోలేదు.

“నువ్వలా ఎల్లకూడదనే నీకన్నాను. అనీసినాను. అయిపోనాది.”

హేమలత వంటింటి గుమ్మంలో నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వైకుంఠరావు అరుగు స్తంభానికి ఆనుకుని నేలమీదికి జారి కూర్చున్నాడు.

కమల గోడ పట్టుకుని లేచింది. కాళ్లు పట్టేసినట్టున్నాయి, ఒక్క క్షణం తూలింది. హిమజ పట్టుకోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టి, తనే నిలదొక్కుకుంది.

“బండి ఎన్నింటికి?” అని అడిగింది.

హిమజకి టైము తెలుసు. అది చెప్పి, అరుగు దిగి, చెప్పులు వరసగా సర్దింది.